‘అంతా అబద్ధమే మేడం’ అంటే చదివినట్టేనా?

ఈ కాలం పిల్లలు కనిపించిందల్లా నమ్మేస్తారని, వాట్సాప్‌లో వచ్చిందే వేదం అనుకుంటారని పెద్దవాళ్ళు తెగ బాధపడుతుంటారు. విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్న నాకు కనిపించే జబ్బు వేరే. మా పిల్లలు దేన్నీ నమ్మరు. పేపర్లో వార్త చూపిస్తే ‘అది వాళ్ళ పార్టీ పేపరు మేడం’ అంటారు. టీవీ క్లిప్ చూపిస్తే ‘పెయిడ్’ అంటారు. ప్రభుత్వ నివేదిక చేతికిస్తే ‘వాళ్ళ లెక్కలు వాళ్ళు అలాగే రాసుకుంటారు’, కంపెనీ ప్రకటన ఇస్తే ‘అమ్ముకోడానికి చెప్తారు కదా’. ఈ తీర్పులన్నీ ఎంత సేపట్లో వస్తాయనుకున్నారు? కాగితం ఇంకా బెంచీ మీద పెట్టకముందే. రెండో పేరా దాకా వెళ్ళినవాళ్ళు క్లాసులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళు మాత్రం తీర్పు చెప్పడానికి కాస్త తటపటాయిస్తారు.

మేము ‘క్రిటికల్ రీడింగ్’ అని పేరు పెట్టి ఒక సెమిస్టర్ పాటు చెప్పే పేపరుతో నాకున్న పేచీ ఇక్కడే. రచయిత పక్షపాతం కనిపెట్టండి, దాగున్న ఉద్దేశం బయటపెట్టండి, ప్రశ్నించండి, నిలదీయండి అని చెప్తాం. పిల్లలు బుద్ధిగా తలూపుతారు, ఎందుకంటే అది వాళ్ళకి ముందే వచ్చు. అనుమానం వాళ్ళకి ఇంట్లోనూ వీధిలోనూ ఫోన్లోనూ కావలసినంత దొరికింది. మేము నేర్పవలసింది నమ్మడం అని నా వాదన. ఏ మాటని, ఎంతవరకు, ఏ ఆధారం చూసి నమ్మొచ్చో తేల్చుకోవడం. అది అనుమానించడం కన్నా చాలా కష్టమైన పని.

బట్టీ పట్టేవాడు చదవడు, అంతా బూటకం అనేవాడూ చదవడు. ఒకడు తలూపి బయటపడతాడు, ఇంకొకడు పెదవి విరిచి బయటపడతాడు. తమాషా ఏమిటంటే ఈ ఇద్దరూ తరచుగా ఒకే కుర్రాడు. పొద్దున్న గైడులోని జవాబు కామాతో సహా అప్పజెప్పినవాడే, మధ్యాహ్నం నా క్లాసులో ‘ఏటి మేడం, అన్నీ అమ్ముడుపోయినవే’ అని చేతులు దులుపుకుంటాడు. వాడికి రెండూ ఒకటే పని. దేనికీ మనసు పెట్టనక్కర్లేదు.

మరి వీళ్ళకి ఆధారం చూసి నమ్మడం అసలు చేతకాదా అంటే, వీళ్ళ ఇళ్ళల్లో ఆ విద్య బ్రహ్మాండంగా ఉంది. మధురవాడలోనో ఆనందపురంలోనో నూట యాభై గజాల స్థలం కొనే తండ్రిని చూడండి. స్థలం మీద ఏ లావాదేవీలు, అప్పులు రిజిస్టరై ఉన్నాయో చెప్పే ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూస్తాడు. తెలిసిన లాయరుకి చూపిస్తాడు, ఆ లాయరు చెప్పినా ఊరుకోక పక్క స్థలం వాళ్ళని కదిపి హద్దులు తేల్చుకుంటాడు. బ్రోచర్లో ‘కొత్త ఎయిర్‌పోర్టుకి పావుగంట’ అని ఉంటే, ఎప్పుడు, ఏ రోడ్డున, ఎన్ని సిగ్నళ్ళు దాటితే పావుగంట అని బ్రోకర్ని అడుగుతాడు. ఇంతా చేసి చివరికి అడ్వాన్సు ఇస్తాడు. నాకు ముఖ్యమైంది ఆ అడ్వాన్సే. డాక్యుమెంట్లన్నీ దొంగవే అనేవాడికి ఈ జన్మలో సొంతిల్లు ఉండదు. ఆయన తనిఖీ అంతా చేసింది నమ్మకుండా ఉండటానికి కాదు, నిశ్చింతగా నమ్మడానికి.

అయితే తండ్రి దగ్గరున్న ఈ విద్య కాలేజీలో కొడుకు చదివే కాగితం మీదికి ఎందుకు రాదు? స్థలం విషయంలో పోయేది సొంత డబ్బు కాబట్టి అని తేలిగ్గా చెప్పేయొచ్చు. అది కొంతే. అసలు చిక్కు, పిల్లలు అడిగే ప్రశ్నలోనే ఉంది.

మన తర్కశాస్త్రంలో దీనికి చక్కటి విభజన ఉంది. న్యాయదర్శనం ఒక విషయం తెలుసుకోవడానికి నాలుగు ప్రమాణాలు ఒప్పుకుంటుంది: ప్రత్యక్షం, అనుమానం (సందేహం కాదు, గుర్తుని బట్టి తేల్చుకోవడం), ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. ఆ ఆప్తుడెవరు? న్యాయసూత్రాలకి రాసిన భాష్యంలో వాత్స్యాయనుడు చెప్పిన లక్షణాలు రెండు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఇదే లక్షణం అని కూడా అన్నాడు. కులం, హోదా, కాషాయం, కోటు ఏవీ చూడొద్దని అర్థం. ఇది ఇప్పటి యూట్యూబుకి సరిగ్గా సరిపోతుంది. మా పిల్లలు ఈ రెండింట్లో రెండోదే అడుగుతారు. వీడికి నిజం చెప్పాలని ఉందా, లేక ఏదైనా స్వార్థమా? మొదటి ప్రశ్న, అంటే ‘ఇతనికి ఇది ఎలా తెలుసు?’ అన్నది, ఎవరికీ తట్టదు. స్వార్థం పట్టుకోవడానికి తెలివి చాలు. ఎలా తెలిసిందో కనుక్కోవాలంటే చదవాలి.

హుద్‌హుద్ తుపాను పాఠం ఇందుకే పెట్టాను. 2014 అక్టోబరు 12న అది విశాఖ దగ్గర తీరం దాటింది. అప్పుడు ప్రైమరీ స్కూల్లో ఉన్న పిల్లలకి ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోవడం, కరెంటు లేని రాత్రులు, రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు అన్నీ గుర్తే. వాళ్ళకి రెండు కాగితాలు ఇచ్చాను. ఒకదాంట్లో గాలి వేగం గంటకి 185 కిలోమీటర్లు, రెండోదాంట్లో 215. ఏది నిజం?

క్లాసు రెండు ముక్కలైంది. ప్రభుత్వం నష్టపరిహారం తగ్గించుకోడానికి 185 అని తగ్గించి చెప్పిందని ఒక వర్గం. టీవీవాళ్ళు భయపెట్టడానికి 215 అని పెంచారని ఇంకో వర్గం. వాదన చాలా ఉషారుగా సాగింది. ఒక్కరూ కాగితం తిప్పి, ఈ అంకె ఎవరిది, ఎలా కొలిచారు అని చూడలేదు. నిజానికి మొదటిది భారత వాతావరణ శాఖ లెక్క. వాళ్ళు మూడు నిమిషాల పాటు వీచిన గాలికి సగటు కడతారు. రెండోది అమెరికా నౌకాదళం, వైమానిక దళం కలిసి నడిపే తుపాను హెచ్చరికల కేంద్రానిది. వాళ్ళు ఒక్క నిమిషానికే సగటు కడతారు. తుపాను గాలి ఈడ్చి కొట్టి, మళ్ళీ కాస్త తగ్గి, మళ్ళీ కొడుతుంది కదా. తక్కువ సేపటికి సగటు కడితే అంకె పెద్దదొస్తుంది, ఎక్కువ సేపటికి కడితే చిన్నదొస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ సిఫారసు చేసే పద్ధతిలో పది నిమిషాలకి కడితే ఇంకా చిన్నదవుతుంది. అదే తుపాను, అదే గాలి. ఇక్కడ ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు.

క్లాసులో కాసేపు నిరుత్సాహం కమ్మింది. దొంగ దొరకలేదు మరి. ‘అయితే మేడం, రెండూ కరెక్టేనా?’ అని ఒకమ్మాయి కాస్త కోపంగానే అడిగింది. రెండూ కరెక్టే, కానీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒక సంస్థ ఇచ్చిన హుద్‌హుద్ అంకెని ఇంకో సంస్థ ఇచ్చిన ఇంకో తుపాను అంకెతో పోల్చి ‘ఇదే పెద్దది’ అని రాసేవాళ్ళు ఏటా కనిపిస్తారు. పట్టుకోవాలంటే వాళ్ళని పట్టుకోవాలి.

ఇంకా బాగా కుదిరిన పాఠం కన్యాశుల్కం. నాటకం కాదు, దాని ముందుమాట. నాటకం గురించి మా పిల్లలకి కావలసినంత తెలుసు, అంటే బిట్లు తెలుసు. 1892లో తొలి ప్రదర్శన, 1897లో తొలి ముద్రణ, 1909లో మార్చి రాసిన రెండో కూర్పు, వాడుక భాష, సంఘసంస్కరణ. ఇవి చెప్పేస్తే అయిపోయిందనుకుంటారు. తొలి ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని అంకెలున్నాయి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి తయారుచేయించిన జాబితాలోవి అవి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణుల ఇళ్ళల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు 1,034, ఏడాదికి సగటున 344. ఆ ఆడపిల్లల్లో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు.

ఆ పేరా ఒక్కటే తెలుగు చేసి, కాగితం మీద వేసి ఇచ్చాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. ఏడాది పిల్ల అనేసరికి ఎవరికైనా నోరు పెగలదు. తర్వాత మామూలే. ‘ఆయన ఆ ఆచారం ఆపించాలనుకున్నాడు కాబట్టి లెక్క పెంచి ఉంటాడు మేడం’ అని ముందు బెంచీ నుంచి ఒక మాట వచ్చింది. ఉద్దేశం కనిపెట్టేశారు, కథ ముగిసింది. ఆ ఉద్దేశం కనిపెట్టవలసిన పని కూడా లేదు. సంఘసంస్కరణకి తోడ్పడటానికి, తెలుగు నాటకానికి పనికిరాదన్న అపోహ పోగొట్టడానికి రాశానని ఆయనే ఆ ముందుమాటలో చెప్పుకున్నాడు.

అప్పుడు వెనక వరసలో బీకాం అమ్మాయి ఒకతి కాగితం అంచున కూడిక వేస్తూ కనిపించింది. తొంభై తొమ్మిదీ నలభై నాలుగూ ముప్ఫై ఆరూ ఆరూ మూడూ. ‘188 అయింది మేడం. వెయ్యీ ముప్ఫై నాలుగులో ఐదో వంతు కూడా లేదు. మిగతా 846 మంది వయసెంత?’

నా ఉద్యోగంలో ఇలాంటి ప్రశ్న కోసం ఎదురుచూస్తూ చాలా మధ్యాహ్నాలు గడిపాను. ఆ వాక్యం ఐదేళ్ళ దగ్గర మొదలై మెట్టు మెట్టుగా ఏడాది దాకా దిగుతుంది. ఐదేళ్ళు దాటినవాళ్ళ సంగతి ఎత్తదు. చదివేవాడి గుండె ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేట్టు అమర్చిన వరస అది. నాటకం రాసే చెయ్యి కదా. ‘చూశారా, దాచాడు!’ అని ముందు బెంచీ ఎగిరి గంతేసింది. కానీ ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ‘దాచలేదు, మొత్తం కూడా ఇచ్చాడుగా. అది ఇవ్వకపోతే నేను తీసివేత ఎలా చేసేదాన్ని?’ అంది. ఇంకొకడు ఇంకో కోణం అందుకున్నాడు. శుల్కం పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నానని లెక్కలు రాసేవాడికి చెప్తాడా? కట్నం తీసుకున్నవాడు ఇవాళ చెప్తున్నాడా? అలాగైతే అసలు సంఖ్య 1,034 కన్నా ఎక్కువే ఉండాలి గానీ తక్కువ ఉండదు.

పీరియడ్ అయ్యేసరికి బోర్డు మీద మిగిలింది ఇది. 1,034 అన్నది కనీసపు లెక్కగా తీసుకోవచ్చు. ఐదేళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలు 188 మంది అన్నది జాబితా చెప్పిన మాట. శుల్కపు పెళ్ళిళ్ళన్నీ పసిపిల్లలవే అన్నది మాత్రం గురజాడ ఎక్కడా అనలేదు, చదువుతున్నప్పుడు మన బుర్రలో పుట్టింది. రచయితకి ఒక ఉద్దేశం ఉంది. ఉద్దేశం ఉన్నవాడు నిజం చెప్పలేడన్న రూలు ఎక్కడా లేదు. ఆచారాన్ని సమర్థించేవాడికి లెక్క తీయవలసిన అవసరమేముంది? అసలు లెక్క తీయాలన్న పట్టుదలే ఆ ఉద్దేశంలోంచి వచ్చింది.

ఈ క్లాసులో అందరికన్నా ఎక్కువ చిరాకు తెప్పించేది నేను పెట్టిన ఒక నియమం. దేనికైనా తప్పు పట్టే ముందు, రాసిన మనిషి వచ్చి విన్నా ‘అవును, నేనన్నది ఇదే’ అని ఒప్పుకునేట్టు మూడు వాక్యాల్లో చెప్పాలి. మన వాదాల్లో పూర్వపక్షం అనేది ఇదే. ఎదుటివాడి వాదాన్ని వాడికన్నా బాగా చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతం ఎత్తుకోవాలి. మూడే వాక్యాలు. చెమటలు పడతాయి. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ మీద అటొకటి ఇటొకటి వ్యాసాలిచ్చి, తమకి నచ్చనిదాన్ని చెప్పమన్నప్పుడైతే ఇక చూడక్కర్లేదు. గాజువాక నుంచి వచ్చే పిల్లల్లో కొందరి నాన్నలు, తాతలు ప్లాంటులో పనిచేసినవాళ్ళు. 1966 ఉద్యమం, ఆంధ్రుల హక్కు అన్న నినాదం ఇంట్లో వింటూ పెరిగారు. ‘అవతలివాడి మాట నేనెందుకు బాగా చెప్పాలి మేడం?’ అని నిజంగానే బాధపడ్డాడు ఒకడు. బాగా చెప్పలేకపోతే నువ్వు దాన్ని ఓడించలేవు నాయనా, నీ ఊహలో ఉన్న గడ్డిబొమ్మని ఓడిస్తావు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. మూడు వాక్యాలు మాత్రం రాశాడు, బాగానే రాశాడు.

హైలైటర్ పెన్నుల మీద కూడా నాకు కోపం ఉంది. పేజీ మొత్తం పసుపు పూసి తెచ్చి చదివామంటారు. దానికి బదులు ప్రతి పేరా పక్కన ఒక్క ముక్క రాయమంటాను. ఏం చెప్పిందో కాదు, ఏం చేస్తోందో. ఉదాహరణ ఇస్తోంది, అవతలివాళ్ళ మాట ఒప్పుకుంటోంది, విషయం మారుస్తోంది, దాటేస్తోంది. ‘విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం’ పక్కన ఒక కుర్రాడు ‘పేరు చెప్పట్లేదు’ అని రాశాడు. అంతే చాలు.

చదవడమనే నైపుణ్యాన్ని అన్ని విషయాలకీ పనికొచ్చేట్టు విడిగా నేర్పేయొచ్చన్నది మా సిలబస్ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట వర్ణన ఒకటి ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవాళ్ళు, బాగా చదవగలిగీ ఆట తెలియనివాళ్ళ కన్నా ఎంతో మెరుగ్గా అర్థం చేసుకుని చెప్పారు. మన దగ్గర క్రికెట్ పెట్టినా ఇదే జరుగుతుంది.

నాకు ఈ పరిశోధన కన్నా ముందు ఆ సంగతి చూపించినవాడు మత్స్యకారులుండే జాలారిపేట నుంచి వచ్చే ఒక కుర్రాడు. క్లాసులో నోరు విప్పడు. అటెండెన్స్‌కి చెయ్యెత్తడమే ఎక్కువ. ఒకరోజు చేపల వేట నిషేధం మీద ఒక వ్యాసం ఇచ్చాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు. ఆ రెండు నెలలూ మత్స్యకారులంతా ఇళ్ళల్లో కూర్చుంటారని వ్యాసకర్త జాలిగా రాశాడు. అందరూ భాష బావుందన్నారు. ఈ కుర్రాడు మాత్రం కిటికీలోంచి చూస్తూనే అన్నాడు: ‘రాసినాయన హార్బర్ కాడికెళ్ళుంటాడు మేడం. మా కాడికి రాలేదు.’ నిషేధం మరపడవలకి, ఇంజను బిగించిన పడవలకి. ఇంజను లేని తెప్పలకి లేదు. వాళ్ళ తాత ఆ రెండు నెలలూ తెప్ప మీద వెళ్తాడట. వ్యాసం తప్పంటావా అని అడిగాను. ‘తప్పేం కాదు, బోట్లోళ్ళ సంగతి కరెక్టే రాశాడు’ అన్నాడు.

నేను సెమిస్టర్ మొత్తం నేర్పాలని తంటాలు పడుతున్నది వాడు రెండు ముక్కల్లో చేసి చూపించాడు. రాసినాయన్ని దొంగ అనలేదు, అమ్ముడుపోయాడనలేదు. ఎక్కడ నిలబడి చూశాడో చెప్పాడు, అక్కడి నుంచి ఏది కనిపిస్తుందో ఏది కనిపించదో చెప్పాడు. వాత్స్యాయనుడు చెప్పిన మొదటి ప్రశ్న ఇదే.

తెలియని విషయం చదవవలసి వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది అసలు సమస్య. అన్ని సంగతుల్లోనూ మనం జాలారిపేట వాళ్ళం కాము కదా. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ దీని మీద ఒక పరిశోధన చేసి 2017లో బయటపెట్టారు. పది మంది చరిత్ర పరిశోధకుల్ని, పది మంది వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్ళని, పాతిక మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘాలు రెండున్నాయి, ఆ సైట్లూ వాటిలో ఉన్నాయి. పేర్లు వినడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి 1930లో పుట్టిన, అరవై వేల మందికి పైగా సభ్యులున్న పెద్ద సంస్థ. ఇంకోటి 2002లో దాంట్లోంచి విడిపోయిన చిన్న వర్గం. డాక్టరేట్లున్న చరిత్రకారుల్లోనూ కొందరు రెండో సైటు వాలకం చూసి బోల్తా పడ్డారు. ఆ పేజీలోనే పైనుంచి కిందదాకా శ్రద్ధగా చదివారు పాపం. నిజనిర్ధారణవాళ్ళు మాత్రం పేజీ తెరిచీ తెరవగానే దాన్ని వదిలేసి పక్కన ఇంకో నాలుగు ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్ళు ఏమంటున్నారని చూశారు. స్థలం కొనేవాడు పక్క స్థలం వాళ్ళని అడగడం ఇది. పత్రం ఎంత శ్రద్ధగా చదివినా, పత్రం తన గురించి తాను చెప్పుకున్నదే తెలుస్తుంది.

దీని మీద క్లాసులో నాకు ఎదురైన అభ్యంతరం ఒకటుంది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. ఆ రాత్రి మళ్ళీ లీకైందన్న కబురు పాకింది, ఎన్నో కుటుంబాలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదికి వచ్చేశాయి. గోపాలపట్నం వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి అడిగింది: ‘ఆ రాత్రి మా అమ్మ నాలుగు ట్యాబులు తెరిచి చూడాలా మేడం?’

వద్దు. మీ అమ్మ చేసిందే సరైన పని. ఆ కబురు అబద్ధమైతే పోయేది ఒక రాత్రి నిద్ర. నిజమై, నమ్మకపోతే పోయేది ప్రాణాలు. ఎంత ఆధారం కావాలన్నది పొరపాటు పడితే ఎంత నష్టం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉండదు. అన్ని మాటలకీ ఒకే తూనికరాయి వాడమంటాయి అవి. అయితే అదే కబురుని రోడ్డెక్కిన తర్వాత ఇంకో యాభై మందికి పంపాలా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు వేరే. ఆ అమ్మాయి, నేను ఇక్కడ పూర్తిగా ఏకాభిప్రాయానికి రాలేదు. బంధువులకి చెప్పకుండా ఎలా ఉంటాం అంటుంది. నిజమే, ఎలా ఉంటాం?

భాష సంగతి కూడా చెప్పాలి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. పాడేరు, నర్సీపట్నం వైపు నుంచి తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలకి ఇంగ్లీషు వ్యాసం ఇస్తే, ఉన్న ఓపికంతా వాక్యం అర్థం చేసుకోవడానికే అయిపోతుంది. రచయిత ఎక్కడ దాటేశాడో చూడటానికి ఇంక ఏం మిగులుతుంది? అందుకని మొదటి సగం సెమిస్టర్ తెలుగు కాగితాలే ఇస్తాను. ఉద్యోగాలకి ఇంగ్లీషే కావాలంటూ మాలోనే కొందరు విసుక్కుంటారు. కావాలి, కాదనను. ఈత నేర్పే రోజునే ఎవరూ కెరటాల్లోకి తోసేయరు.

చాట్‌బాట్‌కి పీడీఎఫ్ ఇచ్చేసి సారాంశం తెచ్చుకోవడం ఈమధ్య కొత్త వేడుక. వద్దని నేను పోరను, పోరినా వినేవాళ్ళు లేరు. ఒకటే చెప్తాను. రచయిత ‘బహుశా’ అన్నచోట సారాంశంలో ఆ ‘బహుశా’ మిగిలిందా చూడండి. చాలాసార్లు అదే ముందు రాలిపోతుంది. ఎంత నమ్మాలో చెప్పేది ఆ మాటే.

ఇంతా చెప్పి పరీక్ష గురించి చెప్పకపోతే అన్యాయం. మా పేపరు చివర్లో అడిగే ప్రశ్న: ‘క్రిటికల్ రీడింగ్ అనగానేమి? అందలి దశలను వివరింపుము.’ దానికి గైడులో జవాబు ఉంది, పిల్లలు బట్టీ పడతారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఫ్రాన్సిస్ రాబిన్‌సన్ 1946లో ప్రచారంలో పెట్టిన ఎస్‌క్యూ3ఆర్ పద్ధతి ఉంది కదా, ముందు పైపైన చూడు, ప్రశ్నలు వేసుకో, చదువు, అప్పజెప్పుకో, మళ్ళీ చూసుకో అని. ఆ ఐదూ వరసలో రాస్తే ఐదు మార్కులు. ఒక్క పేజీ కూడా అలా చదవకపోయినా పూర్తి మార్కులే. ప్రశ్నించమని నేర్పే పేపరుకి క్వశ్చన్ బ్యాంక్ ఉంది. నవ్వొస్తుంది గానీ, ఆ బ్యాంక్ లేకపోతే పిల్లలకొచ్చే టెన్షన్ చూసినవాళ్ళెవరూ నవ్వలేరు.

అందుకని ఈసారి ఇంటర్నల్స్‌కి వేరే పేపరు అడిగాను. ముందెన్నడూ చూడని వ్యాసం ఒకటి. ఫోన్లు వాడుకోవచ్చు. రచయిత ఒప్పుకునేట్టు మూడు వాక్యాల్లో చెప్పాలి. ఇందులో దేనికి ఆధారం చూపించాడో, దేనికి చూపించలేదో పట్టుకోవాలి. ఎంతవరకు నమ్ముతావు, ఏం కనిపిస్తే మనసు మార్చుకుంటావు అన్నది రాయాలి. ‘అంతా అబద్ధం’ అని రాసినవాడికి, ‘అంతా నిజం’ అని రాసినవాడికి ఇద్దరికీ సున్నాయే.

డిపార్ట్‌మెంట్ మీటింగులో ‘దీనికి కీ ఎలా ఇస్తారు? రీవాల్యుయేషన్ అడిగితే ఏం చెప్తాం?’ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మార్కు ఎలా వచ్చిందో అడిగే హక్కు పిల్లలకి ఉంది, నేను చెప్పేదాని ప్రకారం ముందు ఉండవలసిందే అది. ఇద్దరు టీచర్లు విడివిడిగా దిద్ది, తేడా వస్తే కూర్చుని మాట్లాడుకుని, ఎందుకు ఆ మార్కో పేపరు మీదే రాస్తామన్నాను. అంత టైము ఎక్కడిదన్నారు. చివరికి ఒక్క సెక్షన్‌కి ఒప్పుకున్నారు, బీకాం రెండో ఏడాదికి. రెండో మనిషిగా దిద్దడానికి కెమిస్ట్రీ మేడం ముందుకొచ్చారు. బదులుగా వాళ్ళ పిల్లల ల్యాబ్ రికార్డులు ఒక కట్ట నేను చదవాలట, ఎవరు ప్రయోగం చేసి రాశారో, ఎవరు పక్కవాడిది చూసి రాశారో చెప్పాలట. సరేనన్నాను.